మామ్మ మెస్సులో బోర్లించిన గ్లాసు

నా చిన్నప్పుడు గొడుగులు గాలికి తిరగబడేవి కావు. ఇప్పటివి మబ్బు కనపడితేనే బెదిరిపోతున్నాయి. నిన్న అలాంటి గొడుగు పుణ్యమా అని తడిసొచ్చి కూర్చుంటే, ఎందుకో మా మామ్మ మెస్సు గుర్తొచ్చింది.

రాజోలు దగ్గర మా కొబ్బరితోట గోదావరిలో కలిసిపోయాక, ఇంటిల్లిపాదీ ఉత్తరాదిన ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి వలసపోయేం. తాతయ్య కొబ్బరికాయల కొట్టు పెట్టేరు, బాబాయి లాండ్రీ తెరిచేడు. ఆ ఊళ్ళో కొబ్బరికాయ ఎవరికీ అక్కర్లేదు. ఫ్యాక్టరీ పొగ బట్టల్ని కావలసినంత మాపేది గానీ, జనం వాటిని బాబాయికి ఇచ్చేవారు కాదు. పదకొండుమందిమి మామ్మ నడిపే మెస్సు మీదే బతికేవాళ్ళం. ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టు దొరికితే ఉంటాం, లేకపోతే తిరిగి రాజోలు. అక్కడ మాకు మిగిలింది ఇంటిపేరు మాత్రమే.

కాంట్రాక్టు తేల్చే ఆఫీసరు ఒకరోజు భోంచేసి చూడ్డానికి వచ్చేడు. పులుసు దగ్గర చాలంటూ విస్తరి మీద ఎడంచెయ్యి అడ్డం పెట్టేడు. మా వైపు ఆ చెయ్యి మర్యాద కోసం పెట్టేది. దాన్ని నమ్మేవాడు మొరటువాడి కింద లెక్క. తాతయ్య "ఆయ్, మొహమాటపడకండి బాబూ" అంటూ పోసేసేరు. పులుసు అప్పుడే పొయ్యి మీంచి దిగింది.

ఆఫీసరు అరిచిన హిందీ బాబాయికి తప్ప మాకెవరికీ రాదు. అర్థం మాత్రం అందరికీ తెలిసింది. మా ఊళ్ళో ఇంతేనండీ అని తాతయ్య మొదలెట్టేరు. మామ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన్ని ఆపింది. ఆ చేతిమీద చన్నీళ్ళు పోస్తూ, భోజనాలు చేస్తున్న కార్మికులందరి ముందూ, బాబాయి చేత హిందీలో చెప్పించింది: "తప్పు మాదండి. మీరు చాలన్నారు, మేం వినలేదు." ఆఫీసరు విస్తరి వదిలేసి వెళ్ళిపోయేడు.

మర్నాటి నుంచి ప్రతి విస్తరి పక్కనా ఒక ఖాళీ గ్లాసు. అది బోర్లిస్తే ఇంక ఎవరూ వడ్డించకూడదు, తాతయ్యతో సహా. వారం తిరిగేసరికి ఆఫీసరు చేతికి కట్టుతో మళ్ళీ వచ్చేడు. కూర అయ్యేక గ్లాసు బోర్లించి, తాతయ్య వంక చూసేడు. తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆయన అంత కష్టపడ్డం నేను మళ్ళీ చూళ్ళేదు.

క్యాంటీన్ మాకే వచ్చింది. దాని బట్టలన్నీ బాబాయి లాండ్రీకి, దానిక్కావలసిన కొబ్బరికాయలు తాతయ్య కొట్టు నుంచి. మూడు బోర్డుల మీదా మామ్మ పేరే రాయించేం. ఆ ఊళ్ళో మమ్మల్ని 'మామ్మగారి మనవలు' అనేవారు. తరవాత నేను కాలేజీలో చదివిన డిగ్రీ ఆ పేరుకి సాటి రాలేదు.

తిరిగి మా వైపే వచ్చి అమలాపురంలో స్థిరపడ్డాక కూడా, ఎదుటివాళ్ళ మాట మొదటిసారికే నమ్మే గుణం నన్ను వదల్లేదు. మొన్న భోజనానికొచ్చిన మా వియ్యపురాలు పనసపొట్టు కూర చాలండి అంటే, గిన్నె తీసుకెళ్ళి లోపల పెట్టేసేను. వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దిగుతూ అన్నారు:

"వదినగారూ, ఈసారి మీ ఇంటికొచ్చేటప్పుడు తినేసే వస్తామండి."