సగం పువ్వున్న గడప

తడిసిన ఒండ్రుమట్టి వాసన ముందు నా ముక్కుకు తగిలింది, ఆ తర్వాతే కళ్లు దానికోసం వెతికాయి. చిల్కూరులో స్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం కొంగున ముడేసుకుని బయటికి వచ్చాక, మనవరాలి పుట్టినరోజు అటువైపే ఎక్కడైనా చేద్దామని కోడలు ముచ్చటపడితే, గండిపేట చెరువు పక్కన కొత్తగా వెలసిన ఒక రిసార్టుకు వెళ్లాం. ఈత కొలను, గాలి నింపిన జారుడుబండలు, పిల్లలను ఎక్కించుకుని గుండ్రంగా తిరిగే చిన్న రైలు, అన్నీ దాటాక ఒక మూలన ‘మన పల్లె’ అని రాసిన కమాను. లోపల ఎడ్లు లేని ఎడ్లబండికి నీలం రంగు, నీళ్లు లేని బావికి కొత్త గిలక, సున్నం కొట్టిన గోడల మీద ఎవరో కుంచెతో వేసిన ముగ్గులు, స్పీకర్లో మోగుతున్న ఒగ్గు డోళ్లు, కుమ్మరి సారె చుట్టూ మూగిన పట్నం పిల్లలు. ఆ సారె మీద తిరుగుతున్నది మా చెరువు మట్టి. నత్తగుల్లలు, ఎండిన నాచు, చేప పొలుసు కలిసిన ఆ వాసన ఇంకే మట్టికీ రాదు.

సారె పక్కనే గడ్డిలో ఒక రాతి గడప పెట్టి ఉన్నది. దాని మీద రెండు పూలు. ఒకటి రేకుల ఈనెలతో సహా చెక్కింది, రెండోది సగంలో ఆగిపోయింది. ‘దొరవారి గడీ సింహద్వారపు గడప’ అని ముందర బోర్డు. ఆ రాయి నాకు తెలుసు. అది ఏ దొరదీ కాదు.

మా పాత ఊరు ఆ చెరువు కిందనే ఉన్నది. నిజాం కాలంలో పట్నానికి నీళ్ల కోసం కట్ట కడితే మునిగిన ఊళ్లలో అదొకటి. మావాళ్లు మూటాముల్లె సర్దుకుని మొయినాబాద్ వైపు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు, కానీ వదిలిన ఇంటిని మాత్రం వదలలేదు. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి గుంజుకున్న ఏడు, పాత ఊరి పునాదులు తేలగానే, బండ్లు కట్టుకుని వెళ్లి ఎవరి గడపను వాళ్లు కడిగి పసుపు రాసి బొట్టు పెట్టి రావడం మా ఆచారం. గుడికి వెళ్లినంత నిష్ఠగా వెళ్లేవాళ్లం. తలుపు లేదు, గోడ లేదు, కప్పు లేదు, గడప ఒక్కటే ఉన్నది. దానికే మొక్కు.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లంతా వేసవి. తెల్లవారకముందే మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టేది, పచ్చిపులుసు ముంతలో పోసి మూతికి ఆకు కట్టేది, రొట్టె ముక్కల్లో నెయ్యీ బెల్లం వేసి మలీద ముద్దలు పిసికేది, పెసరగుడాలు తాలింపు పెట్టేది, ఆ తాలింపు ఘాటుకు తుమ్ముకుంటూ మేము బండెక్కేవాళ్లం. చెరువు ఒడ్డు దిగగానే పొద్దు పొడిచేది. మొదట గడ్డి, తర్వాత దోసతీగలూ కర్బూజ పాదులూ, తర్వాత పలకలు పలకలుగా పగిలిన ఒండ్రు, అది కాళ్ల కింద అప్పడంలా విరిగేది, ఆ విరిగిన చోట అడుగున ఇంకా చల్లగా, తడిగా, చేపల వాసనగా ఉండేది. కొంగలు మమ్మల్ని చూసి లేచి, మేమేమంత ముఖ్యం కాదన్నట్టు మళ్లీ అక్కడే వాలేవి. దూరంగా కట్ట మీద, ఆదివారం షికారుకు వచ్చిన పట్నం వాళ్ల గొడుగులు కనిపించేవి. వాళ్లు చెరువును చూడడానికి వచ్చేవాళ్లు, మేము చెరువు కిందిదాన్ని చూడడానికి వెళ్లేవాళ్లం.

నేను బడికి పోలేదు. మధ్యలో వాగు దాటాలని, ఆడపిల్లనని, మా ఇంట్లో పంపలేదు. అందుకు నేనెవరినీ తిట్టుకోను, ఎందుకంటే మా బాపు ఆ ఒండ్రులోనే పుల్లతో గీసి నాకు అక్షరాలు నేర్పాడు. తిన్నాక పెద్దవాళ్లు బండి నీడలో ఒరిగితే, మిగతా పిల్లలు గవ్వలేసి పచ్చీసు ఆడుకుంటుంటే, బాపూ నేనూ ఒత్తులు దిద్దేవాళ్లం. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పుల్ల పుణ్యం, పైనున్న స్వామి దయ.

సగం పువ్వు కథ మాకు అవ్వే చెప్పింది. రాళ్లు చెక్కే ఆయన రెండో పువ్వు మొదలుపెట్టాడట, అంతలో ఊరు ఖాళీ చెయ్యాలని డప్పు మోగిందట, ఆయన ఉలి కింద పెట్టి లేచిపోయాడట. అవ్వ ఆ ఊరికి చిన్నపిల్లగా ఉన్నప్పుడే కోడలిగా వచ్చింది. “గీ కడపే తొక్కిన బిడ్డా, గీ పువ్వు మీద చెయ్యి వెట్టే కూసున్న,” అంటూ ఊరు తేలిన ప్రతి ఏడూ ఆ గడపకే పసుపు రాసింది. మేమూ దానికే మొక్కాం.

ఒక ఏడు వానలు మొండికేసి చెరువు మరీ లోపలికి పోయింది. పాత ఊరు ఇంచుమించు మొత్తం తేలింది. ఆ వేసవిలోనే ఖాసిం తాత వచ్చాడు. మొయినాబాద్‌లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు, అవ్వ ఈడువాడే, చిన్నప్పుడు వాళ్లది అదే ఊరు. గడ్డానికి దూది పీచు అంటుకుని ఉండగానే వచ్చి మా పూజ దగ్గర నిలబడ్డాడు.

“అక్కా, మా యింటి కడపకు నువ్వెందుకు బొట్టు పెడ్తున్నవ్?”

“నీ యింటిదా? కండ్లు కనపడ్తున్నయా నీకు?” అన్నది అవ్వ.

“మంచిగ కనపడ్తున్నయి. గిది మా అబ్బా లాల్‌సాబ్ కడప. రాళ్లు చెక్కేటాయన బిడ్డ పెండ్లికి అబ్బా పరుపు కుట్టిచ్చిండని ఆయన పువ్వు చెక్కిండు. మీది ఇంకా అవతలున్నది. పువ్వు లేదు గివ్వు లేదు, ఉత్త బండ.”

“మరి నాకు పువ్వు యాదికెట్లున్నది?”

“మీ అత్త కొట్టినప్పుడల్లా ఏడ్సుకుంట వచ్చి మా కడప మీద కూసునేదానివి. మా అమ్మ నీకు బెల్లం ముక్క వెట్టేది. మర్సినవా?”

అవ్వ చేతిలో పసుపు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా మా ఇంటిల్లిపాదీ పొరుగింటి గడపకు, అదీ సాయిబుల గడపకు మొక్కుతున్నామని తెలిసి మా మేనత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ లేచింది, ఖాసిం తాత వెంట అవతలికి నడిచింది, మా అసలు గడపను చూసింది. ఉత్త బండే. దానికొక బొట్టు పెట్టి వెనక్కి వచ్చి, పువ్వు గడప ముందర మళ్లీ కూర్చుని, మిగిలిన పసుపంతా దానికే రాసింది.

“గా కడప మీద దెబ్బలు తిన్న, గీ కడప మీద బెల్లం తిన్న,” అన్నది. “దేనికి మొక్కాల్నో నాకు ఎర్కే.”

మా మేనత్త ఏదో అనబోతే బాపు చూపుతో ఆపాడు. ఖాసిం తాతకు అవ్వ మలీద ముద్ద ఇచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుని, “మా అమ్మ గూడ శుక్రారం పసుపు రాసేది అక్కా,” అని తిన్నాడు.

మర్నాటికే పాత ఊరు తేలిన సంగతి ఇంకోచోటికి పాకింది. చేవెళ్ల వైపు భూములున్న ఒక పటేలు, రాజకీయం కూడా చేసేవాడు, తోటలో బంగళా కట్టుకుంటూ, తేలిన రాళ్లు ఊరికే దొరుకుతాయని ట్రాక్టర్ పెట్టించాడు. పువ్వు గడప ఆయన కంట పడింది. మాకు కబురు తెలిసేసరికి గడ్డపారలు దిగాయి. అవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో నడిచింది, వెనక నేను. వెళ్లి గడప మీద ఒక కొసన కూర్చుంది. కాసేపటికి ఖాసిం తాత వచ్చి రెండో కొసన కూర్చున్నాడు.

“అవ్వా, లే. మునిగిన ఊరు సర్కారుది. నీ రాయి ఏడికెల్లొచ్చింది?” అన్నాడు పటేలు.

“నాదని నేనన్ననా? గది ఖాసిందే.”

పటేలు అటు తిరిగాడు. “ఏమయ్యా, నీదా?”

“నాదేడిది పటేలా? ఏండ్ల సంది పసుపు రాసింది ఆమె. ఆమెదే.”

“మరి మీ యిద్దర్ల నేనెవల్ని అడగాలె?”

“అడుగుడెందుకు?” అన్నది అవ్వ. “పో.”

పటేలు నవ్వాలో కసరాలో తేల్చుకోలేక ట్రాక్టర్ నడిపే ఆయన వైపు చూశాడు. ఆయనేమో పారకు ఆనుకుని, “బొట్టు వెట్టిన రాయి నేను లేపను పటేలా, నాకు పిల్లలున్నరు,” అన్నాడు. వాళ్లు మిగతా రాళ్లు ఎత్తుకున్నారు. పెట్టిన ఒక్క బొట్టూ రాత్రి గాలికి రాలిపోయిన మా ఉత్త బండ కూడా ఆ బండిలోనే పోయింది. అవ్వ దానివైపు తలతిప్పి చూసింది కానీ, కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మృగశిర రాగానే వాన పట్టుకుంది, చెరువు వచ్చి గడపను కప్పేసింది. ఆ రాత్రి అవ్వ దీపం దగ్గర కూర్చుని చెరువుకే దండం పెట్టింది, బిడ్డను కొంగులో దాచిన తల్లికి పెట్టినట్టు.

ఎవరు ఎప్పుడు దాన్ని ఎత్తి ఆ రిసార్టులో పెట్టారో నాకు తెలియదు. అది దూదేకే లాల్‌సాబ్ ఇంటి గడపని చెప్పి, బోర్డు సంగతి మేనేజరును అడిగాను. మా వైపు అబ్బాయే.

“ఆంటీ, గడీ అంటేనే విజిటర్స్ చూస్తరు. దూదేకులోళ్ల కడప అంటే ఎవలు ఆగుతరు? అయినా మీ దగ్గర ప్రూఫ్ ఏమన్న ఉన్నదా?”

“నీ దగ్గర ఏమున్నది బిడ్డా, గడీదని?”

“పువ్వున్నది గద.”

“దొర గడప అయితే పువ్వును సగంల ఆపనిస్తడా?”

అతను రాయి వైపు వంగి చూశాడు. ఇన్నాళ్లూ ఆ రెండో పువ్వును చూసినట్టు లేదు. నేను స్వామి కుంకుమ తీశాను. “పాలిష్ పోతది ఆంటీ,” అన్నాడు కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టినా ఆగేదాన్ని కాదు.

పోయినవి చాలా ఉన్నాయి. చెరువులోకి దిగే బండ్లబాట కంచెల వెనక పోయింది, దోసతీగలు పోయాయి, దూది ఏకే ఆ వింటినారి మోత మొయినాబాద్‌లో నేను విని ఎన్నాళ్లయిందో, అవ్వ పోయింది, ఖాసిం తాత పోయాడు, ఆయన పిల్లలు పట్నంలో ఎక్కడున్నారో ఆచూకీ లేదు. పోయినవాటి కోసం నేను కొట్లాడను, ఉన్నన్నాళ్లు నాకిచ్చినందుకు దేవుడికి దండం పెడతాను. కానీ పోకుండా మిగిలినదాన్ని ఎవరి పేరునో రాస్తే మాత్రం ఊరుకోను. ఆ బోర్డు ఇంకా అలాగే ఉన్నది. నేనూ చిల్కూరు వెళ్లిన ప్రతిసారీ అటు వెళ్తూనే ఉన్నాను. పూసిన పసుపు తుడిచేస్తున్నారు, మళ్లీ పూస్తున్నాను. మొన్న ఒకావిడ ఫోటో కోసం గడప మీద కాలు పెట్టబోతుంటే, “అమ్మా, అది లాల్‌సాబ్ వాళ్ల ఇల్లు,” అన్నాను. ఆవిడ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది, చెప్పులు విడిచి, నా పక్కన గడ్డిలో కూర్చుని, “లాల్‌సాబ్ ఎవరమ్మా?” అని అడిగింది.