ఓబులేసు కోసిన రంధ్రం

2023 అక్టోబరు. ఖతార్‌లో ఎండ కాస్త వెనక్కి తగ్గి, జనం ఎడారి క్యాంపింగుకు సిద్ధపడే నెల. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక వర్క్‌షాప్‌లో నేను కారవాన్ టెక్నీషియన్‌ని. కారవాన్ అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల గది. లోపల పడకలు, గ్యాసు పొయ్యి, సింకు, ఏసీ ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ భాగం విల్లాల వెనక ఎండకు ఎండి, చలికాలం దగ్గరపడగానే ఇవన్నీ ఒకేసారి మా గేటు ముందు వరస కడతాయి.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మెకానికల్ డిప్లొమా చేశాను. ఏ పనైనా కాగితం మీద లిస్టు రాసుకోకుండా మొదలుపెట్టను. అందుకే వర్క్‌షాప్‌లో అందరూ నన్ను ఇంజినీరు అంటారు. సగం గౌరవం, సగం ఎగతాళి.

మా ఫోర్‌మన్ సత్తన్నది జగిత్యాల. ఆ నెల మొదట్లో నన్ను పక్కకు పిలిచాడు.

"ఇగో ఇంజినీరు, ముఐథర్‌ల అబూ హమద్ అని ఒక పెద్దమనిషి ఉన్నడు. ఆయన కారవాన్ వస్తున్నది. పాతది, చిన్నది. కానీ ఆయన తమ్ముళ్ళయి, బామ్మర్దులయి ఇంకో నాలుగున్నయి. గిది సాఫ్‌గ చేసి టైముకు ఇచ్చినవనుకో, కారవాన్ బే నీ చేతుల పెడ్త. ముదీర్‌తోని మాట్లాడిన."

ముదీర్ అంటే మేనేజరు. బే అంటే కారవాన్‌ల పని జరిగే షెడ్డు. దానికి ఇన్‌చార్జి కావాలని నేను మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. నాకూ, మా నేపాలీ మెకానిక్‌కూ మధ్య పోటీ ఉండేది.

కారవాన్ వచ్చింది. పధ్నాలుగు అడుగుల పొడవు, ఒకే ఇరుసు, పాతికేళ్ళ వయసు. దాన్ని లాక్కొచ్చినవాడు అబూ హమద్ ఇంటి హౌస్ డ్రైవర్ ఓబులేసు. కడప జిల్లా మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. వెనకే ఇంకో కారులో అబూ హమద్ వచ్చాడు. నేను రెండు గంటలు తనిఖీ చేసి, యాభై నాలుగు అంశాల లిస్టు ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చదవలేదు. నాలుగు మడతలు పెట్టి ఓబులేసుకు అందించి, "షూఫ్, యా ఓబుల్" అన్నాడు. చూడమని. ఓబులేసుకు ఇంగ్లీషు చదవడం రాదు. కాగితం జేబులో పెట్టుకుని, జాకీ మీద లేపి ఉన్న చక్రాన్ని అరచేత్తో తిప్పి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు.

"కుడిపక్క బేరింగు పోయినట్టుండాదబ్బీ. గరగరమంటాది."

నా లిస్టులో కుడి బేరింగు "బాగుంది" అని ఉంది. విప్పి చూస్తే గ్రీజులో ఇసుక కలిసి గుండ్లు గీతలు పడి ఉన్నాయి. సత్తన్న వదుల్తాడా?

"ఏమాయెరా ఇంజినీరు, డ్రైవర్ నీకు పరీక్ష పెడ్తున్నడా?"

ఆ రోజు మొదలైంది నా కుళ్ళు. దానికి వేరే పేరు పెట్టను. అబూ హమద్ నన్ను పేరుతో పిలవడు, "సదీక్" అంటాడు, స్నేహితుడా అని. ఇక్కడ పేరు తెలియని ప్రతివాడినీ అలాగే పిలుస్తారు. ఓబులేసును మాత్రం నోరారా "యా ఓబుల్" అంటాడు. రెండు రోజులకొకసారి కరక్ చాయ్ పట్టుకుని వచ్చేవాడు. మొదటి కప్పు ఓబులేసుకే. నేను ఏ పని చేసి చూపించినా, ఆయన కళ్ళు ముందు ఓబులేసు ముఖం మీదికి వెళ్ళేవి. ఓబులేసు తలాడిస్తేనే "జేన్" అనేవాడు, బాగుందని. బండి నడుపుకునే మనిషి ఒప్పుకుంటేనా నా పని బాగున్నట్టు?

దాంతో ఓబులేసుకు అర్థం కాని పనులు ముందు మొదలుపెట్టాను. కప్పు మీద సోలార్ ప్యానెల్, మంచం కింద లిథియం బ్యాటరీ, గోడకు చార్జ్ కంట్రోలర్. ఇది ప్యానెల్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి తగినట్టు సర్దే పెట్టె.

"ఇది ఎట్ల ఆపాలబ్బీ?" అని అడిగాడు ఓబులేసు.

ఒక్క మీట చూపిస్తే సరిపోయేది. నేను వోల్టేజీలు, కటాఫ్‌లు, అల్గారిథమ్‌లు అంటూ పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "నువ్వు చదువుకున్నోడివిలే" అన్నాడు. అందులో వెటకారం లేదు. అది నన్ను ఇంకా మండించింది.

మిగతా పని బాగానే సాగింది. టైర్లు మార్చాను. పాతవాటి అరుగుదల తక్కువే, కానీ పక్కన ముద్రించిన డేట్ కోడ్ ప్రకారం వాటికి తొమ్మిదేళ్ళు. ఇక్కడి ఎండలో టైరు తిరగకపోయినా ముసలిదవుతుంది. కప్పు అతుకుల్లో ఎండి పెళుసైన పాత సీలెంట్ గోకి, బ్యూటైల్ టేపు వేశాను. అది జిగురుముద్దలా సాగుతుంది, ఎండకు లోహం పెరిగినా తరిగినా పగలదు. సింకు కింద కారిన నీళ్ళకు నేల ప్లైవుడ్ పుచ్చిపోయింది. వేలుతో నొక్కితే దిగిపోతోంది. నేలంతా ఊడదీసి, తడికి చెడని కొత్త మెరైన్ ప్లై వేయాలని నిర్ణయించాను.

ఊడదీసిన రోజు ఓబులేసు పక్కనే ఉన్నాడు. పొయ్యి అల్మారా కింద, మూలన, నేలలో అరచెయ్యంత రంధ్రం కనిపించింది. అంచులు వంకరటింకర. కింద పాల డబ్బా రేకుకు మేకుతో చిల్లులు పొడిచి, నాలుగు స్క్రూలతో బిగించారు.

"అబ్బీ, ఆ మూల జాగ్రత్త. ఆ తూటు..." అని మొదలుపెట్టాడు.

"నా లిస్టులో ఉందండీ," అన్నాను, తలెత్తకుండా.

"ఉంటే సరే."

నా లిస్టులో అది లేదు. ఆయన్ను ఆపడానికే ఆ మాట అన్నాను. ఆ రోజు సాయంత్రం లిస్టులో యాభై అయిదో అంశంగా ఇలా రాసుకున్నాను: "నేలలో నాటు రంధ్రం, ఇసుక, ఎలుకలు దూరే అవకాశం. మూసివేయాలి." కొత్త ప్లై రంధ్రం లేకుండా పరిచి, పైన వినైల్ అంటించాను. నేల అద్దంలా వచ్చింది. అబూ హమద్ మొదటిసారి ఓబులేసు వైపు చూడకుండా "మాషాల్లా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను రెండు రోజులు గాల్లో తేలాను.

డెలివరీ గురువారం ఉదయం. ఆ రాత్రికి అబూ హమద్ చుట్టాలంతా సీలైన్ ఎడారిలో క్యాంపుకు వస్తున్నారు. గ్యాసు పైపులకు ప్రెషర్ టెస్ట్ చేశాను. పైపులో గాలి నింపి గేజు చూస్తే ముల్లు కదలకూడదు. కదల్లేదు. కాగితాల మీద సంతకం పెట్టాను. అబూ హమద్ బండికి కారవాన్ తగిలించడం కూడా అయింది. ఓబులేసు అలవాటు ప్రకారం కిందికి దూరాడు. రెండు నిమిషాల తర్వాత మోచేతులకు దుమ్ముతో బయటికొచ్చి, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"అబ్బీ, ఆ తూటు యాడ?" గొంతు తగ్గించి అడిగాడు.

"మూసేశానండీ. ఇసుక వస్తోంది కదా."

"లిస్టులో ఉండాదంటివే."

"మూసేయాలనే ఉంది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మరి గ్యాసు యాడికి పోవాల?"

అంతే. ఆ ప్రశ్న వినగానే నాకు తెలిసిపోయింది. వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్ళలా నిలుస్తుంది. కిటికీలు తెరిచినా దిగువన ఉన్నది కదలదు. అందుకే కారవాన్‌లలో పొయ్యికి దగ్గరగా, నేలలో, ఎప్పుడూ తెరిచే ఉండే డ్రాప్ వెంట్ అనే రంధ్రం వదులుతారు. ఈ కారవాన్‌కు అది ఒక్కటే ఉండేది. పాల డబ్బా రేకుతో ఉన్నది. నా ప్రెషర్ టెస్ట్ ఇవాళ లీకు లేదని చెబుతుంది. ఎడారి గతుకుల్లో వారం తిరిగాక పైపు వదులైతే, అప్పుడు పనికొచ్చేది ఆ రంధ్రం. ఆ రాత్రి ఆ నేలకు జానెడు ఎత్తున, కింది పడక మీద పడుకోబోయేది అబూ హమద్ కూతురు మరియం. ఏడేళ్ళ పిల్ల.

"షినూ, ఓబుల్?" అబూ హమద్ కేకేశాడు, ఏమిటని.

చెబితే బే పోతుంది. చెప్పకపోతే బండి కదులుతుంది. ఓబులేసు నా వైపు ఒక్కసారి చూసి, ఆయన వైపు తిరిగాడు.

"బాబా, అనా గల్తాన్. బుక్రా, బాబా."

తప్పు నాదే, వెనక లైటు వైరు పోయిన సంగతి చెప్పడం మర్చిపోయాను, రేపు తీసుకెళ్దాం అన్నాడు, వచ్చిన అరబ్బీలో. అబూ హమద్ ముఖం ఎర్రబడింది. చుట్టాల ముందు మాట పోతుంది కదా. మా అందరి ముందూ అరబ్బీలో ఓబులేసును కడిగిపారేశాడు. సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగం చాలు. ఓబులేసు తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు నా లోపల ఒకటి జరిగింది. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. నన్ను కాపాడటానికి ఆ మనిషి తిట్లు తింటుంటే, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. "యా ఓబుల్" అన్న ఆ నోటినుంచే తిట్లు వినడం బాగుందనిపించింది.

అబూ హమద్ విసురుగా వెళ్ళిపోయాక అడిగాను. "ఎందుకలా చెప్పారు?"

"నన్ను తిడితే ఇంట్లో మనిషిని తిట్టినట్టు. అన్నం టయానికి మర్చిపోతాడు. నిన్ను తిడితే అది నీ ముదీర్ కాడికి పోతాది. పోనీలే, ముందు తూటు పెట్టు."

కారవాన్ మెట్టు మీద కూర్చుని ఆ రంధ్రం సంగతి చెప్పాడు. "నాలుగేండ్ల కింద, క్యాంపులో. పొయ్యి పైపు పగిలినాది. అందరూ నిలబడుకోనుండారు, ఎవురికీ వాసన లేదు. నేను కింద కూచోని ఇసుక ఊడుస్తాండా, నాకు తగిలె. మరియమ్మ కింది మంచంలో నిద్రపోతాండాది. ఎత్తుకోని బయటికి ఉరికితి. కిటికీలు తెరిస్తే పోలేదబ్బీ అది. చీపురుతో తోసినా, నీళ్ళను తోసినట్టు. మర్సనాడే డ్రిల్లు అడుక్కోనొచ్చి నేల కోసినా."

నేను డిప్లొమా రెండో ఏడాదిలో పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్న విషయాన్ని, ఈయన చీపురు పట్టుకుని కూర్చుని కనిపెట్టాడు.

కొత్త నేలను అదే మూలన, డ్రిల్లుకు బిగించే హోల్ సా రంపంతో గుండ్రంగా కోశాను. కోసిన ప్లై అంచు తడి పీల్చకుండా ఎపాక్సీ పూయాలి. అది గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. శుక్రవారం మాకు సెలవు, మా తెలుగు చర్చిలో ఆరాధన కూడా ఆ రోజే. వెళ్ళలేదు. పొద్దున్నే వచ్చి రంధ్రానికి స్టీలు జాలీ బిగించి, నేలకు దగ్గరగా గ్యాసు అలారం పెట్టాను.

జుమ్మా నమాజు అయ్యాక అబూ హమద్, ఓబులేసు వచ్చారు. ఓబులేసు కళ్ళతోనే వద్దన్నాడు. అయినా చెప్పాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, అరబ్బీలో. లైటు వైరు అబద్ధం, తప్పు నాది, ఇదీ ఆ తప్పు అని. ఆయన లోపలికెళ్ళి వంగి, జాలీ మీద అరచెయ్యి పెట్టాడు. కింది నుంచి గాలి తగిలింది.

"ఇది ముందు ఎవరు పెట్టారు?"

నేను ఓబులేసును చూపించాను. అబూ హమద్ తెల్లబోయాడు. ఆయనకు పాపను ఎత్తుకొచ్చిన సంగతి తెలుసు, రంధ్రం సంగతి తెలియదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"బాబా, ఇంత మాఫీ సువాల్," అన్నాడు ఓబులేసు. నువ్వు అడగలేదు కదా అని.

అబూ హమద్ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వు అడిగావా?" అన్నాడు.

"లేదు. చెప్పబోతే ఆపాను."

ఆయన ఓబులేసు భుజం మీద చెయ్యి వేసి బండి దాకా నడిచాడు.

శనివారం జాబ్ కార్డులో ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాశాను. సత్తన్న రెండుసార్లు చదివాడు.

"రాయకపోతే ఎవ్వనికి ఎరుక అయ్యేది కాదు గదరా."

"తెలుసన్నా."

"బే ఈ యేడు నీకు రాదు మల్ల. ఇది చదివినంక గ్యాసు పనుల మీద నీ సంతకం ఒక్కటే ఉంటె ముదీర్ ఒప్పుకోడు."

బే నేపాలీ మెకానిక్‌కు వెళ్ళింది. అతని మీద కూడా కుళ్ళుకున్నాను, అది వేరే కథ.

ఇది జరిగాక చాలా కారవాన్‌లు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ రంధ్రాన్ని ఇంకో ఇంజినీరు కోసి ఉంటే చూడగానే డ్రాప్ వెంట్ అని గుర్తుపట్టేవాణ్ణి. డ్రైవర్ కోశాడు కాబట్టి అది నాకు చిల్లుగా కనిపించింది. ఈ వృత్తిలో తెలియకపోవడం కంటే ఇది ప్రమాదం. తెలియనిదైతే పుస్తకం తిరగేస్తాం.

నా అసూయ తగ్గిందని చెప్పను. పాత బండి ఏది వచ్చినా, దాని గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఎవడో ఒకడు దానితోపాటు వస్తాడు. డ్రైవరో, వంటమనిషో, కాపలాదారో. అతన్ని చూడగానే కడుపులో అదే మంట మొదలవుతుంది. ఇప్పుడు ఆ మంట ఎవరి మీద పుడుతుందో చూసుకుంటాను. పనిముట్లు తీయకముందే ఆ మనిషి పక్కన కూర్చుని, అతను చెప్పడం పూర్తయ్యేదాకా వింటాను.