గోంగూరకి రక్తం పట్టిన కథ

కువైట్‌లో గోంగూర దొరకదని ఎవరూ అనలేదు. ఫర్వానియాలో మా వీధి చివరి కొట్లోనే దొరుకుతుంది. కాకపోతే విమానమెక్కి వచ్చి, కొట్టువాడి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు పడుకుని, నా చేతికొచ్చేసరికి అది ఆకుకూరో, పిండి ఆరేసిన గుడ్డపీలికో చెప్పడం కష్టం. పులుపు మచ్చుకైనా ఉండదు. మాది విజయవాడ. పులుపు లేని గోంగూర వండటం కంటే ఆ పూట పస్తుండటం నయమనుకునే ఇంట్లో పుట్టాను. అందుకే సెలవు నుంచి తిరిగొస్తూ ఎర్రకాడ గోంగూర విత్తనాలు పట్టుకొచ్చి, మార్చి నెలలో మేడ మీద కుండీల్లో చల్లాను.

కుండీలంటే ఖాళీ పెయింటు డబ్బాలు. మేడంటే మాది కాదు. బిల్డింగు పైకప్పు మీద నీళ్ల ట్యాంకులు, డిష్‌లు తప్ప పుల్ల కూడా పెట్టకూడదని కువైటీ ఓనరు ఆజ్ఞ. కానీ తాళంచెవి ఉండేది హారిస్ దగ్గర. హారిస్ అంటే ఇక్కడ బిల్డింగు కాపలాదారు. మా హారిస్ ఈజిప్టు మనిషి. మీసం పెద్దది, గుండె చిన్నది. నా పప్పుచారుకి మరిగి తాళం ఇచ్చాడు గానీ, ఇస్తూనే తనకొచ్చిన ముక్కల హిందీలో ఏడుపు లంకించుకున్నాడు.

"మదామ్, ఓనర్ చూస్తే నేను ఖలాస్. మాఫీ షుగల్. పని పోతుంది. ఇంటికి పంపేస్తాడు. ఊళ్లో ఇద్దరు కూతుళ్లు కాలేజీ చదువుతున్నారు మదామ్."

"ఎవరు చూస్తారయ్యా! ఆకుకూరేగా!" అన్నాను నేను, పెద్ద తెలిసినదానిలా.

మొక్కలు మోకాలెత్తు దాకా ముద్దుగా పెరిగాయి. ఏప్రిల్లో ఏం రోగమొచ్చిందో, అడుగు ఆకులు పసుపెక్కడం మొదలైంది. మా ఆయన అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో నీళ్లు శుద్ధి చేసే టెక్నీషియన్. బాయిలర్లోకి వెళ్లే నీళ్లు బాగున్నాయో లేదో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన మేడెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, మొక్కల్ని కాకుండా నన్ను చూసి "నీళ్లెక్కువ పోస్తున్నావ్" అన్నారు. ఇంట్లో ఏం పాడైనా ముందు నన్ను చూడటం ఆయనకి అలవాటు.

నేను మా అమ్మకి ఫోన్ చేశాను. "గుడ్డు పెంకులు నలిపి వెయ్యవే, బలం" అంది. మా ఇంటి పెంకులు చాల్లేదు. పక్క ఫ్లాట్లో ఉండే రాయచోటి కుర్రాళ్లు పొద్దున్నా సాయంత్రం ఆమ్లెట్లే తింటారు; వాళ్ల దగ్గరా అడిగి తెచ్చి దంచి పోశాను. దాంతో పాత ఆకుల సంగతి అటుంచి, కొత్త చిగుళ్లు కూడా పసుపు పచ్చగా వచ్చాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మధ్యలో పాలిపోయి.

నాలుగో అంతస్తులో హైదరాబాద్ డాక్టరమ్మ ఉంటుంది. లిఫ్టులో కనబడితే ఫోన్లో ఫోటో చూపించాను. ఆవిడ డ్యూటీకి లేటై పరుగులో ఉంది. "గిదేం ఉంది, అనీమియా. ఐరన్ ఇయ్యిండ్రి" అని దిగి వెళ్లిపోయింది. ఆవిడ హాస్యానికి అందో, నిజంగానే అందో నాకిప్పటికీ తెలీదు. ఇంట్లో నా ఐరన్ మాత్రలు ఉండనే ఉన్నాయి. నాకు రక్తం తక్కువని క్లినిక్‌లో రాసిచ్చారు, మలబద్ధకమని నేను ముట్టుకోలేదు. అవన్నీ రోట్లో నూరి డబ్బాకింత పంచాను. నాకు లేని రక్తం గోంగూరకైనా పడితే చాలనుకున్నాను. పట్టలేదు.

శుక్రవారం సెలవు. మా ఆయనకి ఆ రోజు ఏం తోచిందో, పనిలో నీళ్లు పరీక్షించే కాగితాలు తెచ్చారు. డబ్బాలోంచి కారిన నీళ్లలో ముంచితే కాగితం ముదురు నీలానికి తిరిగింది.

"పీహెచ్ ఎనిమిది దాటిందే! ఇది మట్టి కాదు, సున్నపు బట్టీ. ఇందులో ఇనుము ఎంత పోసినా వేళ్లు తాగలేవు. నోటికి గుడ్డ కట్టి ముందు విస్తరేసినట్టుంది నీ సేవ. ఇంత సున్నం ఎవరు పోశారు?"

నేను పెంకుల వంక చూశాను. ఆయనా చూశారు. పెళ్లయ్యాక ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

సున్నపు మట్టిలో కూడా కరిగి ఉండే ఇనుము ఏదో నర్సరీల్లో దొరుకుతుందట. ఏది కొనాలో తెలియక, కువైట్‌లో కుండీల్లో మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడుగుతానన్నారు. అందులో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు. గోంగూర అంటే వాళ్లకేం తెలుస్తుంది? ఫోన్లో ఇంగ్లీషు పేరు వెతికారు. 'దక్కన్ హెంప్' అని వచ్చింది. "దక్కన్ అంటే ఈ ఫిలిప్పీన్స్ వాళ్లకేం అర్థమవుతుంది, తీసేద్దాం" అని ఆ ముక్క తీసేసి, మంచి ఇంగ్లీషులో ఇలా రాశారు: "ఫర్వానియాలో మా మేడ మీద కుండీల్లో హెంప్ పెంచుతున్నాను. ఆకులు పసుపెక్కాయి. బాగా కాపు రావాలంటే ఏ ఎరువు వెయ్యాలి?" కింద ఫోటో. చేతివేళ్లలా చీలిన ఆకు, అందంగా దగ్గర్నుంచి తీసింది.

గ్రూపులో ఎరువు పేరు ఒక్కరూ చెప్పలేదు. ఎవరో "బ్రదర్, వెంటనే డిలీట్ చెయ్యి" అన్నారు. ఇంకెవరో దండం బొమ్మ పెట్టారు. తర్వాత మా ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు.

"చూశావా కుళ్లు? ఎరువు పేరు చెప్పడానిక్కూడా ఏడుపే" అన్నారాయన.

నాకెందుకో అనుమానమొచ్చి ఆ హెంప్ అనే మాట ఒక్కటే వెతికాను.

"కొంప ముంచారండీ! హెంప్ అంటే గంజాయి! కువైట్‌లో గంజాయి పెంచుతున్నానని ఫోటో పెట్టి, అడ్రసు చెప్పి, ఎరువు అడిగారు మీరు!"

ఆయన ఉన్నచోటే చతికిలబడ్డారు. "పీకేద్దామే" అన్నారు సన్నగా.

"పీకితే ఒప్పుకున్నట్టే. గోంగూర పీకేసి గంజాయి పీకాడని పేరు తెచ్చుకుంటారా? నేనుండగా ఒక్క మొక్క కదలదు!"

నర్సరీకి నేనే వెళ్లాను. ఈసారి పేరు చెప్పే తప్పు చేయలేదు, ఫోటోలో చిగురు వరకే కత్తిరించి చూపించాను. నర్సరీవాడు ఎర్రమట్టిలాంటి పొడి పొట్లం ఇచ్చాడు. పైన పేరిన పెంకులన్నీ గీకిపారేసి, డబ్బాల కిందనుంచి కారేదాకా నీళ్లు పోసి సున్నం వదలగొట్టాను. తర్వాత బకెట్ నీళ్లలో చెంచాడు వెనిగర్, చిటికెడు పొడి. పసుపెక్కిన పాత ఆకులు అలాగే ఉన్నాయి గానీ, వారం దాటేసరికి కొత్త చిగుళ్లు నిగనిగలాడుతూ వచ్చాయి. నేను ఆనందంతో మేడ మీదే కాసిని కన్నీళ్లు పెట్టుకున్నాను.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆ గ్రూపులో మా బిల్డింగు రెండో అంతస్తు ఆవిడ కూడా ఉందట. ఊళ్లో లేని ఓనరు తిరిగి రాగానే ఫోటో ఆయనకి చేరేసింది.

ఒక సాయంత్రం హారిస్ రొప్పుతూ మేడ మీదికొచ్చాడు. "మదామ్! హషీష్! ఓనర్ వస్తున్నాడు! హషీష్ అంటున్నాడు!" అంటూ ఒక మొక్క మొదలు పట్టుకున్నాడు. నేను చేత్తో ఒక్కటిచ్చాను. అంతలోనే తెల్ల దిష్‌దాషా అనే పొడుగు అంగీలో ఓనరు మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆయాసపడుతూ ఫోన్ చూపించి, ఇంగ్లీషులో "ఇదేమిటి?" అన్నాడు. హారిస్‌కేసి తిరిగి అరబ్బీలో ఏదో అంటే, పాపం హారిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పప్పుచారు తాగిన పాపానికి ఆ పిల్లల చదువు ఆగిపోతుందేమోనని భయపడ్డాను.

మా ఆయన గొంతు సవరించుకుని, "సర్, దీని శాస్త్రీయ నామం హైబిస్కస్ క్యానబి..." అని మొదలెట్టారు. ఆయన కాలు తొక్కాను, గట్టిగానే తొక్కాను.

ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని నమిలాను. ఇంకోటి మా ఆయన నోట్లో కుక్కాను, ఆయన కళ్లు మూసుకుపోయాయి. మరోటి హారిస్‌కిచ్చాను. వాడు దేవుణ్ణి తలుచుకుని కొరికి, ముఖం వికారంగా పెట్టి, "సర్, పుల్లగా ఉంది! హషీష్ పుల్లగా ఉండదు!" అని అరిచాడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు ఓనరు.

హారిస్ మిగతా ఆకంతా గబగబా నోట్లో కుక్కుకున్నాడు.

ఓనరు అనుమానంగానే ఒక లేతాకు తుంచి, వాసన చూసి, పంటి కింద పెట్టాడు. నమలడం ఆపాడు. మళ్లీ నమిలాడు. తర్వాత, నేను కలగంటున్నానేమో అనుకునేలా, "శానా పుల్లగుండాది" అన్నాడు.

అచ్చం కడప తెలుగు! మా ఆయన నోట్లో ఆకు కిందపడింది. గోంగూర అంటే మా కృష్ణా గుంటూర్ల సొత్తని జీవితమంతా గొప్పలు పోయినదాన్ని, ఒక కువైటీ ముందు, అదీ కడప యాసలో ఓడిపోయాను.

"మా ఇంట్లో అక్కా చేసేది" అన్నాడు ఇంగ్లీషులో. చిన్నప్పుడు వంటింట్లో అన్నంలో కలిపి ముద్దలు పెట్టేదట. పెట్టి, "మామాకు చెప్పొద్దు" అనేదట. ఆ మాట కూడా తెలుగులోనే అన్నాడు, గొంతు తగ్గించి. మామా అంటే ఇక్కడి పనివాళ్ల భాషలో ఇంటి యజమానురాలు, అంటే ఆయన తల్లి. నన్ను చూసి, "కడప. మీకు తెలుసా? అక్కా. ఆమె పేరు అక్కా" అన్నాడు.

"అది పేరు కాదు సర్" అన్నాను. "పెద్దక్కని పిలిచే పిలుపు."

"కాదు. మా అమ్మ, డ్రైవరు, అందరూ అక్కా అనేవాళ్లు. నా పెళ్లిదాకా మా ఇంట్లోనే ఉంది."

"తోటి పనమ్మాయి ఎవరో అలా పిలిచి ఉంటుంది. అది విని మీరంతా పిలిచారు."

"మరి పేరేమిటి?" అని నన్నే అడిగాడు. నాకు కోపం వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు. ఆయన కోసం గోంగూర కోసి సంచిలో వేయడం మొదలుపెట్టాను.

సంచి నిండాక ఓనరు అందుకుని, మెట్ల దాకా వెళ్లి ఆగాడు. హారిస్‌కేసి తిరిగి అరబ్బీలో ఒక్క ప్రశ్న అడిగాడు. అది నాకూ అర్థమైంది. నీ పేరేమిటి, అని.

పోలీసులకిచ్చే ఫిర్యాదు కోసమేమో అనుకున్నాడు హారిస్. చేతులు కట్టుకుని, తండ్రి పేరు, తాత పేరు, ఊరి పేరుతో సహా మొత్తం చెప్పాడు. ఓనరు ఆ పేరు నెమ్మదిగా మళ్లీ ఒకసారి పలికి, మొక్కలకి నీళ్లు మానొద్దని చెప్పి కిందికి దిగిపోయాడు. మేం ఆ బిల్డింగుకొచ్చి ఎన్నో ఏళ్లయింది. ఆ పేరు వినడం నాకూ అదే మొదటిసారి.