కరెంటు పోయేదాకా

“ఏమ్మే, కరెంటు పోయిందా?”

“లేదు, ఉండాది. నువ్వు పండుకో.”

“అట్లయితే ఇంకాసేపు ఆపుకుంటాలే.”

తిరుపతి ఆసుపత్రిలో నా భర్త మునిరత్నం నాతో పలికిన కడపటి మాట అది. అప్పటికే మూత్రానికి గొట్టం పెట్టి ఉన్నారు, ఆపుకోవాల్సిన పనే లేదు. ఒళ్లు కాలిపోతుంటే తానింకా నగరిలో పవర్‌లూమ్ ముందే ఉన్నాననుకున్నాడు. సాయంత్రానికి పోయాడు. మొన్నటిదాకా షెడ్డుకు వచ్చిన మనిషి లేడంటే మా మగ్గాల వీధి నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మగ్గం ఆడుతుండగా ఆయన ఒంటికి పోయేవాడు కాదు. తిరిగి వచ్చేలోపల పోగు తెగితే చీర పాడవుతుందని భయం. కరెంటు పోయినప్పుడే షెడ్డు వెనక్కి పోయేవాడు. మునుపు కరెంటు పూటకోసారైనా పోయేది. ఈమధ్య పోవడం తగ్గిందని వీధంతా సంతోషించింది. మగ్గాల మోత ఆగకుండా వినబడుతుంటే నాకు మాత్రం దిగులు పుట్టేది.

ఇతరుల విషయంలో మహా పరోపకారి. షెడ్డులో ఆడపిల్లలను ఆపుకోనిచ్చేవాడు కాదు. “పో పాపా, నీ మగ్గం నేను సూసుకుంటా. పోగు తెగితే ముడేస్తా, నీకేమన్నా అయితే యాడ ముడేసేది?” అని తరిమేవాడు. “నువ్వు పోవా మామా? నీ మగ్గం మేం సూస్తాం” అంటే, “నా మగ్గానికి మొగుణ్ణి నేనొక్కణ్ణే” అని నవ్వించేవాడు.

బార్లీ నీళ్లు, మజ్జిగ, పల్లేరు కాయల కషాయం కాచి పంపేదాన్ని. అందరికీ పంచి, తాను గొంతు తడుపుకొని మూత పెట్టేవాడు. తాగితే మగ్గం విడిచి పోవాలి కదా!

ఒంటికి పోతే మంట మొదలైనప్పుడు డాక్టరమ్మ మాత్రలిచ్చింది. కాస్త తగ్గగానే అవి మానేసి, “నీ కషాయం సాలు” అన్నాడు. తర్వాత చలిజ్వరం వచ్చింది. ఆ రోజు కూడా చేతిలో ఉన్న చీర ముగించే ఇంటికి వచ్చాడు. నీళ్లూ కషాయమూ జబ్బు రాకముందు మంచివేగానీ, జ్వరం వచ్చాక ఒక్క పూట కూడా ఆగకూడదని ఆసుపత్రిలో చెప్పారు. అప్పటికే విషం రక్తంలోకి ఎక్కింది.

అంతటి నేతగాడు, అంతటి దయామయుడు మా వీధికి మళ్లీ దొరకడు. ఆయన నిలబడిన చోట నేల అరిగి ఉంది. ఆ అరిగిన చోటే ఇప్పుడు, నేను చెబుతుంటే ఈ మాటలు రాస్తున్న మా కోడలు రేవతి నిలబడుతోంది. నేను పంపిన నీళ్ల సీసా నిన్న నిండుగానే తిరిగి వచ్చింది.

ఏం రేవతీ, ఆపినావే? ఇది కూడా రాయి. కాళ్లు ముడుచుకొని కూసున్నావు, పొద్దున్నుంచీ సూస్తా ఉండా. మంటగా ఉండాదా?

“ఏం లేదత్తా. రాసేసి పోతాలే.”

మీ మామా ఇట్లే అన్నాడు. లెయ్, ముందు పోయి రా. ఈ చెంబుడు నీళ్లు నా కండ్ల ముందర తాగు. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం, మగ్గం ఆగితే ఆగనీ. వచ్చినాక మొదటి నుంచీ సదువు, వింటాను.