ఇంజన్‌లో ఇరుక్కున్న శుభలేఖ

ఆ ప్రయాణంలో నేను పోగొట్టుకున్నవి మూడు శుభలేఖలు, ఒక పూట, మా బామ్మర్ది దగ్గర మర్యాద.

మా అమ్మాయి పెళ్లికి పిలవడానికి సిరోంచ నుంచి జింగనూర్‌కు పికప్‌లో బయలుదేరాను. ఇంటికొకటి చొప్పున సరిగ్గా ఇరవై శుభలేఖలు తీసుకున్నాను. అడవి దారిలో ఇంజన్ ఉస్సుమంటూ బలం తగ్గి, బండి లాగడం మానేసింది. కబురందుకుని మెకానిక్ యాకూబ్ భాయ్ వచ్చాడు.

"ఇంజన్ల గాలి పోయే కాడ గ్యాస్కెట్ చినిగింది. దళసరి కాయిదం ఉంటే ఇయ్యి, కోసి పెడత."

నా దగ్గరున్నవి శుభలేఖలే. మొదటిది వంకరగా తెగింది, రెండోది బిగించేటప్పుడు చిరిగింది, మూడోది సరిపోయింది.

ఊళ్లో ఇద్దరు నోటి పిలుపుకు ఒప్పుకున్నారు. సొంతవాడని చివరికి ఉంచిన బామ్మర్ది ఒప్పుకోలేదు. మేనమామ గంపలో ఎత్తుకొస్తేనే మా పెళ్లికూతురు మండపం ఎక్కేది.

"నా కార్డేది బావా?"

"ఇంజన్ల ఉంది."

బానెట్ ఎత్తి చూశాడు. గ్యాస్కెట్ అంచున వినాయకుడి తొండం కనిపిస్తోంది.

"బండిని పిలిచినవు గద. బిడ్డను అదే ఎత్తుకొస్తది తియ్."

పెళ్లికి వచ్చాడు, గంప ఎత్తాడు. తర్వాత వేరే శుభలేఖ ఇస్తే తీసుకోలేదు.

"నాది ఇంజన్ల ఉంది. అదే కావాలె."

మంచిగా నడిచే బండిని విప్పొద్దంటాడు యాకూబ్ భాయ్. సొంతవాళ్లను ముందు పిలవాలని నాకు తెలిసొచ్చింది. బాకీ మాత్రం ఇప్పటికీ ఒక శుభలేఖ.