ఎడమకాలి బండి

పాండురంగం కుడి మోకాలు మడవదు. 1971లో వరంగల్ గంజ్ బజారులో లారీ మీది నుంచి మోటారు పెట్టె దింపుతూ కింద పడ్డాడు. ఎముక విరిగితే దవాఖానకు పోకుండా కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయారు. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది, దాంతోపాటు మోకాలూ బిగుసుకుపోయింది. అప్పటికి ఇరవై ఆరేళ్లు. పెళ్లయి ఏడాది.

పడకముందు ఆయన పని లైను తిరగడం. స్టేషన్ రోడ్డులో వెంకట్రాజం సేటుకు పంపుసెట్ల సామాను దుకాణం ఉండేది. ఫుట్‌వాల్వులు, బెల్టులు, వాషర్లు అమ్మేవారు. చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు పోయి ఏ సామాను ఎంత కావాలో రాసుకురావడాన్నే లైను అనేవాళ్లు. ఒకసారి నెక్కొండ వైపు, ఇంకోసారి స్టేషన్ ఘన్‌పూర్ వైపు. సైకిల్ మీద పోయి, సైకిల్ మీద వచ్చేవాడు. కాలు పోయాక రెండేళ్లు ఇంటి ముందు కూర్చున్నాడు. ఆ రెండేళ్ల సంగతి ఆయన భార్య శారదను అడగాలి. అన్నం పెడితే ఎందుకు పెట్టావనేవాడు, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, కూర్చోబెడితే చెడిపోయే మనిషి.

మోటార్ సైకిల్ కొనుక్కోవాలని చెప్పినప్పుడు అందరూ నవ్వారు. నవ్వడం వాళ్ల తప్పూ కాదు. బుల్లెట్‌కు కిక్కు కుడివైపు, గేరూ కుడికాలికే. పక్కన నిలబడి ఎడమకాలితో తన్ని చూస్తే బుల్లెట్ ఎదురు తన్నింది. స్కూటరు మీద కూర్చుంటే చాచిన కాలు ముందు రేకుకు తగిలి బయటికి పోయింది. అట్లా ఊళ్లో ఉన్న బండ్లన్నీ ఎక్కి దిగి, చివరికి రిటైరైన ఒక ఫారెస్టు ఆఫీసరు ఇంట్లో పాత జావా చూశాడు. దాని కిక్కు ఎడమవైపు. గేరు మార్చేదీ అదే రాడ్డుతో. కుడికాలికి ఉన్నదల్లా బ్రేకు ఒక్కటే. కాలు చాచిపెట్టినా అందేట్టు బ్రేకు పెడలుకు జానెడు ఇనుప ముక్క అతికిస్తే చాలు.

బండి కొన్నాక ఆ ముక్క అతికించింది యాకయ్య. కరెంటాఫీసులో లైన్‌మన్. మిలిటరీవాళ్లు వేలం వేసిన బీఎస్‌ఏ మోటార్ సైకిల్ ఒకటి ఆయనకుండేది. ఆయన ద్వారా పాండురంగానికి మిగతావాళ్లు పరిచయమయ్యారు. హనుమకొండలో మందుల కంపెనీ తరఫున తిరిగే భాస్కర్‌ది బుల్లెట్. బ్యాంకులో పనిచేసే రాజేశ్వర్ రావుది జావానే, కానీ ఆయన దాన్ని నడిపిన రోజులకన్నా తుడిచిన రోజులే ఎక్కువ. నలుగురివీ పాత బండ్లు. నలుగురికీ దూరాలు పోవాలని యావ. బండి బాగుంటే కలిసి మంథని దాకా, భద్రాచలం దాకా పోయేవాళ్లు. బాగులేకపోతే ఆదివారం యాకయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో గోనెసంచులు పరుచుకుని కలిసి విప్పేవాళ్లు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి బండి వాళ్లు విప్పుకోవచ్చు, కడుక్కోవచ్చు, బిగించుకోవచ్చు. ఆఖరి బిగింపు మాత్రం ఇంకొకరి చెయ్యి వెయ్యాలి. యాకయ్య ఒకసారి తన బండి చక్రం తానే బిగించుకుని, పిన్ను పెట్టడం మరిచి, ములుగు రోడ్డు మీద చక్రం ఒకవైపు తానొకవైపు పోయినప్పటి నుంచి ఆ పద్ధతి వచ్చింది. సొంత బండిలో తప్పు సొంత కంటికి ఆనదని వాళ్లు గట్టిగా నమ్మేవాళ్లు.

ఐదేళ్లు బండి బాగా నడిచింది. పాండురంగం మళ్లీ లైను తిరిగాడు. శారద మళ్లీ నవ్వింది. 1978 కార్తీకంలో వచ్చిపడింది కష్టం.

క్లచ్ ప్లేట్లు కొనడానికి భాస్కర్‌తో కలిసి హైదరాబాద్ పోయాడు. తిరిగి వస్తుంటే జనగామ దాటాక జావాలో పెట్రోలు అయిపోయింది. ఇలాంటప్పుడు బుల్లెట్ ట్యాంకీకి ట్యూబు పెట్టి సీసాలోకి పెట్రోలు తియ్యడం భాస్కర్ పని, ఎందుకంటే పాండురంగం మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చోలేడు. జావాకు వట్టి పెట్రోలు పనికిరాదు, అందులో నూనె కలపాలి. కలపకపోతే ఇంజన్ లోపల పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది. ఆ నూనె కొలిచి పొయ్యడం ఎప్పుడూ పాండురంగం పనే. నూనె సీసా తీసి సీటు మీద పెట్టాడు కూడా. ఇంతలో పక్క చేనులోంచి ఒక రైతు ఆయన్ని గుర్తుపట్టి వచ్చి, బావి మోటారు ఫుట్‌వాల్వు నీళ్లు పట్టడం లేదు, ఒకసారి చూడమన్నాడు. అమ్మకమంటే చెవి కోసుకునే మనిషి మన పాండురంగం. కాలీడ్చుకుంటూ బావి దాకా పోయాడు.

తిరిగి వచ్చేసరికి ట్యాంకీ మూత పెట్టి ఉంది. సీటు మీద నూనె సీసా లేదు. నూనె కూడా భాస్కరే పోశాడనుకున్నాడు. భాస్కరేమో బుల్లెట్ మనిషి, పెట్రోల్లో నూనె సంగతి ఆయన తలలోకే రాదు. సీటు మీద సీసా ఉంటే పడిపోతుందని తీసి బండి పక్క పెట్టెలో పెట్టాడు. అంతే జరిగింది.

ఘన్‌పూర్ ఇంకా రెండు మైళ్లుందనగా ఇంజన్ కీచుమంది. వెనక చక్రం బిగుసుకుపోయింది. పాండురంగం రోడ్డు మీద బారెడు దూరం జారాడు. మోచేతులు గీరుకుపోయాయి గానీ కాలికేమీ కాలేదు. లేచి ముందు చేసిన పని ట్యాంకీ మూత తీసి వేలు ముంచి రుద్ది చూడటం. జిడ్డు లేదు. వెనకాలే వచ్చిన భాస్కర్ ఆ వేలును చూశాడు, అర్థమైంది, ముఖం తెల్లబోయింది. ఇద్దరూ వడ్ల లారీని ఆపి, బండిని బస్తాల మీద వేసి వరంగల్ తెచ్చారు.

మరునాడు వెంకట్రాజం పిలిపించాడు. ఆయనా చెడ్డవాడేం కాదు. తన సామాను దింపుతూనే పాండురంగం కాలు పోయిందని లోపల బాధ ఉంది. ఆ బాధే పాండురంగం ప్రాణానికి వచ్చింది.

“కాలు బాగలేనోన్ని ఎండల తిప్పుతాండని బజార్ల నన్ను అంటాండ్రు పాండురంగం,” అన్నాడు సేటు. “ఇగ తిరుగుడు చాలు. కౌంటర్ల ఉండు. జీతం ఏం తగ్గియ్య. లైనుకు ఇంకొకన్ని పెడ్త.”

జీతం తగ్గించనన్న మాటే పాండురంగానికి తగిలింది. తిట్టినా ఇంత బాధపడేవాడు కాదు. యాసంగి నాట్లకు రైతులు మోటార్లు విప్పే రోజులు, ఏడాది మొత్తంలో లైనుకు ప్రాణమున్న రోజులవి.

“సోమారం పొద్దుగాల నేను బండి మీద రాకుంటె కౌంటర్ల ఉంట సేటూ,” అన్నాడు. “వస్తె మాత్రం నెక్కొండ లైను నాదే.”

సేటు సరేనన్నాడు. ఆ రోజు మంగళవారం.

సిలిండరు విప్పి చూస్తే లోపల గోళ్లతో గీరినట్టు గాట్లు పడ్డాయి. పిస్టన్ పనికిరాదు. లేత్ మిషన్ మీద సిలిండరు లోపల కొంచెం చెక్కి, దానికి సరిపోయే పెద్ద సైజు పిస్టన్ వెయ్యాలి. వరంగల్‌లో అది దొరకలేదు. భాస్కర్ సెలవు పెట్టి రైల్లో హైదరాబాద్ పోయి రెండు రోజులు దుకాణాలన్నీ జల్లెడ పట్టాడు. పాత మోడలు, రావడం లేదన్నారు. శుక్రవారం ఉత్త చేతులతో వచ్చి, ఆ మాట చెప్పే ముఖం లేక యాకయ్యకు కబురు చేసి తన గదికి పోయాడు. ఆ తర్వాత షెడ్డు వైపు రాలేదు.

ఇక ఆ సైజు పిస్టన్ ఉన్నది ఒకే ఒక్కచోట. రాజేశ్వర్ రావు బీరువాలో. తన జావా కోసం ఎనిమిదేళ్ల కింద కొని, నూనె కాగితంలో చుట్టి, పట్టుబట్టల పక్కన దాచుకున్నాడు. అందరికీ తెలుసు. ఎవరూ అడగరు, ఎందుకంటే రావు స్పానరు అడిగితేనే పక్కకు చూసే మనిషి. యాకయ్య వద్దన్నా వినకుండా పాండురంగం శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికి పోయాడు. తిప్పి తిప్పి చెప్పడం ఆయనకు రాదు.

“రావు సాబ్, మీ బండి ఈ పిస్టన్ అడగనీకి ఇంకా పదేండ్లు పడ్తది. నా బండి ఇయ్యాల అడుగుతాంది. ఇయ్యకుంటె నేను కౌంటర్ల కూసుంట. అంతే సంగతి.”

రావు చాలాసేపు కిటికీ బయట తన బండిని చూశాడు. లోపలికి పోయాడు. బీరువా తలుపు చప్పుడైంది. కాగితం పొట్లం తెచ్చి పాండురంగం చేతిలో పెట్టి, పదేళ్ల తర్వాత తనకు కావాల్సి వస్తే ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పమన్నాడు. వెతికి పెట్టే పూచీ తనదన్నాడు పాండురంగం. రావు ముఖంలో బాధ బాధలాగే ఉంది గానీ పొట్లం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శనివారం లేత్ పని అయింది. ఆదివారం మధ్యాహ్నానికి పాండురంగం గోనెసంచి మీద కాలు చాచుకుని కూర్చుని పిస్టన్ ఎక్కించాడు, రింగులు సర్దాడు, సిలిండరు దింపాడు. యాకయ్య అందించాడు. సిలిండరు మీది మూతను, అంటే హెడ్డును, బిగించే నట్లు నాలుగు మిగిలాయి. వాటిని వేలితో తిప్పి వదిలేశాడు. యాకయ్య స్పానరు తీసుకుని ముందుకు వంగాడు. పాండురంగం ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, లేచి, బస్టాండుకు నడిచాడు.

హనుమకొండ బస్సులో సీటు దొరకలేదు. భాస్కర్ గది మేడ మీద. పద్దెనిమిది మెట్లు. ఒక్కో మెట్టుకు ఎడమకాలు ముందు పెట్టి, కుడికాలిని ఈడ్చి పక్కకు చేర్చుకుంటూ ఎక్కాడు. తలుపు తీసిన భాస్కర్, చెమటలో తడిసిన ఆయన్ను చూసి మంచం చూపించాడు. ఆయన కూర్చోలేదు.

“నాలుగు నట్లు వదులుగ ఉన్నయ్. వచ్చి బిగియ్యి.”

“నా చెయ్యి పెట్టినందుకే గద అన్నా ఇట్లయింది. మల్ల నన్నే పెట్టుమంటవా?”

“ట్యాంకీ నాది. నూనె చూసుకునుడు నా పని. అమ్మకం మీద ఆశతోని బావికాడికి ఉరికిన, మూత తీసి చూడలె. తప్పు నాది తమ్మీ.” ఆయాసం తీర్చుకుని మళ్లీ అన్నాడు. “నువ్వు చేసినవని నువ్వనుకుంటె, ఇగ నా పక్కపొంటి ఎప్పుడూ రావు. నాకు పిస్టన్ అయితే దొరికింది. నువ్వు పోతె యాడ దొరుకుతవు?”

భాస్కర్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చొక్కా తొడుక్కున్నాడు. పొద్దుగూకక ముందే షెడ్డులో నాలుగు నట్లూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. ప్రతి నట్టునూ రెండుసార్లు చూశాడు. నూనె కొలిచి పోసేటప్పుడు మాత్రం ఇద్దరూ ట్యాంకీ మీదికి వంగారు. యాకయ్య వెనకనుంచి ఎగతాళి చేశాడు. పాండురంగం ఎడమకాలితో తన్నితే మూడో కిక్కుకు ఇంజన్ లేచింది.

కొత్త పిస్టన్ వేసిన బండిని కొన్ని రోజుల దాకా తరమకూడదు. గంటకు ముప్పై కిలోమీటర్లు దాటిస్తే మళ్లీ పట్టేస్తుంది. సోమవారం పొద్దున సేటు కళ్ల ముందు నుంచే పాండురంగం నెక్కొండ దారి పట్టాడు, ఎడ్లబండిని దాటడానికే అర ఫర్లాంగు పట్టేంత నెమ్మదిగా. తోడు వచ్చిన భాస్కర్ బుల్లెట్ ఆ నడక నచ్చక దగ్గుతూ వెనకాల వచ్చింది. ఇన్నేళ్లు జావా చప్పుడు వినిపించేలోపే ఊరు దాటిపోయేవాడు పాండురంగం. ఇప్పుడు రోడ్డు పక్కనున్న రైతు చేతిలో పని వదిలిపెట్టి, గట్టు దిగి, తీరిగ్గా నడిచొచ్చి బండి ఆపే వీలు దొరికింది. గవిచర్ల దగ్గర ముగ్గురు ఆపారు. సంగెంలో ఒక సైకిల్ షాపువాడు ఆపి, తానూ వాషర్లు అమ్ముతానన్నాడు. భాస్కర్ మొదటిరోజు సాయంత్రమే తన పని మీద వెనక్కి పోయాడు. పాండురంగం చుట్టాల ఇళ్లల్లో పడుకుంటూ, రెండు రోజుల లైను నాలుగు రోజులు తిరిగాడు.

గురువారం సాయంత్రం దుకాణం ముందు బండి ఆపి, సేటు చేతికి ఆర్డర్ల పుస్తకం ఇచ్చాడు. వెంకట్రాజం కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు తిప్పాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. అందులో ఆయన ఎన్నడూ వినని పల్లెల పేర్లు ఉన్నాయి. లేచి, తన కుర్చీనే పాండురంగం వైపు జరిపి కూర్చోమన్నాడు.

“కూసుంటె ఈ కాలుతోని లేవనీకి టైం పడ్తది సేటూ. ముందుగాల సామాను కట్టియ్యి. రేపు ఘన్‌పూర్ లైనుంది.”

సేటు కుర్చీని పక్కకు నెట్టి, గోదాములోకి కేకేసి సామాను కట్టమని చెప్పాడు.

“ఏడింటికల్లా బయలెల్లాలె మరి,” అన్నాడు పాండురంగంతో, కొంచెం కసురుతున్నట్టుగానే. “నాలుగు రోజుల పని రెండు రోజులల్ల చెయ్యనీకి చూడు. ఆల్చెం చేస్తె నడ్వది.”

పాండురంగం తల ఊపి బయటికి వచ్చాడు. కాలు విరిగి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఆ నోటి నుంచి ఎన్ని జాలి మాటలు విన్నాడో లెక్క లేదు, పనివాణ్ణి కసిరినట్టు కసరడం ఇదే మొదలు. బండి హ్యాండిలు పట్టుకుని, ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకున్నాడు.