పాచిరంగు మధుపర్కాలు

పెనుగొండ బజారులో వేంకటేశ్వర్లు గారి బట్టల కొట్టుకి పెళ్లివారు వస్తే పరుపు మీద ఎర్రచీరల గుట్ట ఎంత ఖాయమో, మధ్యలో గోళీసోడా అంత ఖాయం. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కొట్టు చూసుకునేది ఆయన భార్య సీతారామలక్ష్మి. సోడాలు మాత్రం మానేసింది. ఆయన లేకుండా ఆ గోళీ చప్పుడు వినలేకపోయింది ఆవిడ.

అసలా సోడాకి మూలం ఆవిడ నోరే. తనకింకా పెళ్లికాని రోజుల్లో, అక్క పెళ్లిబట్టలకి పెద్దవాళ్లతో ఈ కొట్టుకే వచ్చింది. పొద్దుటి నుంచీ ఎర్రపట్టు తిరగేసి తిరగేసి, చివర్లో తెల్లటి మధుపర్కాలు విప్పగానే గయ్యిమంది.

"తెలుపని చెప్పి పాచిరంగు అంటగడతారేంటండీ?"

వాళ్ల నాన్నకి తల కొట్టేసినంత పనైంది. కొట్టు యజమానిగారబ్బాయి వేంకటేశ్వర్లు మాత్రం నవ్వుతూ సోడా కొట్టించి చేతికిచ్చాడు. "ఇది తాగేదాకా రోడ్డు వైపు చూడండి. తిట్టడం ఎక్కడికీ పోదు."

తాగి ఇటు తిరిగితే అవే బట్టలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎరుపు చూసీ చూసీ కంట్లో ఎరుపు పట్టే భాగం అలిసిపోతుందండి. తెలుపులో అన్ని రంగులూ ఉన్నా, ఆ కాసేపు ఎరుపు సరిగ్గా అందదు. అందుకే ఆకుపచ్చ పైకి తేలుతుంది" అన్నాడతను.

మరుసటేడు అలాంటి మధుపర్కాలే కట్టుకుని అతని పక్కన పీటల మీద కూర్చుంది. బతికినన్నాళ్లూ "మా ఆవిడది పాచిచూపండోయ్" అని వచ్చినవాళ్లందరి ముందూ ఆటపట్టించేవాడు మహానుభావుడు. ఆవిడ మూతి తిప్పుకునేది, లోపల మురిసిపోయేది.

మొన్న శ్రావణంలో సాయిప్రసన్న అనే పెళ్లికూతురు తల్లితో వచ్చింది. ఎర్రచీరలన్నీ చూసి, మధుపర్కాలు విప్పగానే మొహం చిట్లించింది. "ఇదేంటండీ, పాచి పట్టినట్టుంది?"

తల్లి లేచి చెప్పుల వైపు నడిచింది. సీతారామలక్ష్మి కంగారుపడింది. ఆయన కొట్టులో తెలుపు తెలుపు కాదన్న మాట బజారుకెక్కితే ఇంకేముంది? ఎదురు బడ్డీకి కేకేసింది. "మూడు సోడాలు పంపించు బాబూ!"

గోళీ కీచుమంది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"తాగేదాకా రోడ్డు వైపు చూడమ్మా. తిట్టడం ఎక్కడికీ పోదు."

పిల్ల తాగి, ఇటు తిరిగి, పకపకా నవ్వింది. బట్టలు తీసుకునే వెళ్లారు.

ఆవిడ ఒక్కతే మిగిలింది. చివరి ఎర్రచీర మడత పెట్టబోయి ఆగి, రెప్ప వెయ్యకుండా దాన్నే చూసింది. తర్వాత ఆయన కూర్చునే చోటికి చూపు తిప్పింది. తెల్లటి పరుపు మీద, సరిగ్గా అక్కడ, లేత పాచిరంగు.

"చూశారా, నా పాచిచూపు ఇంకా పోలేదండీ" అంది.

రోడ్డు వైపు చూస్తే పోతుందని ఆవిడకి తెలుసు. చూడలేదు. తనకని తెప్పించుకున్న మూడో సోడా తాగకుండా పక్కనే ఉంది.